పంటి గాటు

నీటికాకి చచ్చేటప్పుడు అరవదు. ఆ పక్షిలో ఏలీయాకి నచ్చిన గుణం అదొక్కటే. కొంగైతే గొంతు చించుకుంటుంది. గూడబాతు రెక్కలు కొట్టుకుంటూ చెరువంతా కలియబెడుతుంది. నీటికాకి మాత్రం తల ఒక్కసారి పైకెత్తి, ఎవరో పేరుపెట్టి పిలిచినట్టు చూసి, నీళ్ళలోకి ఒరిగిపోతుంది.

ఆ రోజు పొద్దు పొడిచేసరికే గుంపు దిగింది. తూము దగ్గర సిమెంటు గొట్టం చాటున ఏలీయా గొంతుక్కూర్చుని, డబుల్ బ్యారెల్ తుపాకి మోకాలి మీద ఆనించి, పక్షులు దగ్గర దగ్గరగా జరిగేదాకా ఆగాడు. చేపపిల్లని నోట్లో సర్దుకుని మింగేటప్పుడు వాటి మెడ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు చూసి పేలుస్తాడతను. మొదటి గొట్టం అవి నీళ్ళమీద ఉండగా, రెండోది రెక్క విదిల్చి లేచేటప్పుడు.

పేలాక ఒక్క క్షణం లోకమంతా ఊపిరి బిగబడుతుంది. కిక్కిస గడ్డిలో పిట్టలు, బోదెలో కప్పలు, పక్క చెరువు మీద ఆయిలింజను, అన్నీ ఆగిపోయినట్టుంటుంది. ఆ క్షణం కోసమే ఈ పనిలో ఉన్నానని ఏలీయా ఎవరితోనూ అనలేదు. తనలో తను కూడా అనుకోలేదు. కానీ ఆ క్షణంలో అతన్ని ఎవరూ ఒరేయ్ అని పిలవరు.

తరవాత లోకం మళ్ళీ మొదలవుతుంది. లుంగీ ఎగ్గట్టి నీళ్ళలోకి దిగాడు. చచ్చినవాటిని వెదురు కొక్కెంతో లాగాడు. బతికున్నవాటి మెడ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పట్టుకుంటే ఒక్క మెలిక చాలు. చిన్న పుల్ల విరిగినట్టు వేళ్ళకి తెలుస్తుంది, చెవికి తెలియదు. గట్టు పొడుగునా పాతిన కర్రలకి వాటిని తలకిందులుగా కట్టాడు. నిన్నటివి అప్పటికే ఉబ్బి చీమలు పట్టాయి. ఖాళీ తూటా గొట్టాలు రెండూ వెతికి ఏరుకుని సంచిలో వేసుకున్నాడు. అది అలవాటు. చొక్కా జేబులో ఇంకొక్క తూటా ఉంది. అదే ఆఖరుది.

తుపాకి శేషగిరిరావుగారిది. లైసెన్సు ఆయన పేరున. చెరువులు ఆయనవి, చేపలు ఆయనవి. తుపాకి మోసే భుజం మాత్రం ఏలీయాది. ఆ భుజం మీద అది ఉన్నంతసేపూ లంక గ్రామాలవాళ్ళు అతన్ని ఏలీయాగారండీ అంటారు. బడ్డీకొట్టు దగ్గర బెంచీ మీద జరిగి చోటిస్తారు. అలా జరగనివాడు ఒక్కడే, చిట్టిబాబు.

చెరువుకి అవతల గట్టుంది. గట్టు కింద మురుగు డ్రెయిను, డ్రెయిను అంచున కిక్కిస. చిట్టిబాబు అప్పటికే నడుంలోతు నీళ్ళలో ఉన్నాడు. విసురువల తాడు ఎడమచేతికి చుట్టుకుని, వల మడత భుజాన వేసుకుని, అంచుకున్న సీసపు గుండొకటి పళ్ళమధ్య కరిచిపట్టి, నడుం తిప్పి విసిరాడు. పళ్ళు వదిలిన గుండే ఆఖర్న నీళ్ళలో పడుతుంది. వల గొడుగులా విచ్చుకుని, చుట్టూ ఒకేసారి చినుకులు పడ్డట్టు చప్పుడైంది.

డ్రెయిను ఎవరి సొత్తూ కాదు. కానీ అవతలి తూము జల్లెడ చిరిగిన చోటునుంచి చెరువుచేప జారిపోయేది అందులోకే. కనక చిట్టిబాబు కనపడితే ఒక తూటా వెయ్యాలని రావుగారి ఆజ్ఞ. ఇది ఏళ్ళబట్టి జరుగుతోంది. ఏలీయా ఇవతల తూము దగ్గర లేచి నిలబడతాడు. చిట్టిబాబు అది చూసి, వాన మొదలయ్యేముందు గొడ్డు తిరిగినట్టు అటు తిరిగి వీపు చూపిస్తాడు. తుపాకి పేలుతుంది. పిట్టల కోసం తూటాలో పోసిన సన్న సీసపు రవ్వ అంతదూరం వెళ్ళేసరికి ఊపిరి పోయి, నీళ్ళమీదా అతని వీపుమీదా చోళ్ళు చల్లినట్టు రాలుతుంది.

ఆ ఆఖరి తూటాతో ఏలీయా అదే చేశాడు. చిట్టిబాబు జుట్టు దులుపుకుని ఇటు తిరిగాడు.

"బాబాయ్, ఇయ్యాళ ఉప్పు చాల్లేదు" అని అరిచాడు. "పిన్ని చేత్తో వేయించుకు రావాల్సింది."

ఏలీయాకి ఒళ్ళు మండింది. రోజూ మండుతుంది. అయినా చిట్టిబాబు రాని రోజున ఆ గట్టుకేసి చూసి చూసి కళ్ళు లాగేవి. వీడొక్కడు భయపడితే బాగుండునన్న కోరికా, వీడొక్కడు భయపడనందుకు కలిగే ఏదో తేలికా ఒకే చోట పెరిగాయి అతనిలో. రెండూ ఒకదాన్నొకటి ఎరగవు.

వెనక నవ్వు వినపడింది. శేషగిరిరావుగారు గట్టుమీద జీపు దిగి ఎంతసేపయిందో తెలియదు.

"ఉప్పు చాల్లేదంటున్నాడేంట్రా" అన్నారాయన. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. మేతబస్తాలు దించుతున్న ఇద్దరు పనివాళ్ళని తీసుకుని గట్టు చుట్టి నడిచారు. ఏలీయా ఖాళీ తుపాకితో వెనక నడిచాడు. చిట్టిబాబు పారిపోలేదు. అందరూ కలిసి వస్తుంటే ఏదో మాట్లాడ్డానికి వస్తున్నారనుకున్నాడు.

"నీకెన్నిసార్లు చెప్పించాను నాయనా" అని, రావుగారు ఒడ్డునున్న దోనెలోంచి తెడ్డు తీసి, చిట్టిబాబు కుడిచెయ్యి గట్టుమీద ఆనించి ఉండగా వేళ్ళమీద కొట్టారు. రెండో దెబ్బ మూతిమీద. పనివాళ్ళు జుట్టు పట్టి పైకి లాగి, పడేసి తొక్కారు. పక్కటెముకల మీద కాలు పడ్డప్పుడల్లా చిట్టిబాబు గొంతులోంచి తోలు సంచి నొక్కినట్టు గాలి వచ్చింది. పై పన్నొకటి సగం విరిగి పెదవిలో దిగింది. ఆయన మాత్రం పక్కన నిలబడి, "చాలు చాలు, కళ్ళమీద కొట్టకండ్రా, పెళ్ళికావల్సినవాడు" అంటున్నారు.

చిట్టిబాబు కిందనుంచి ఏలీయాని చూశాడు. చూపులో కోపం లేదు. ఆటలో ఇది ఎక్కడిదన్నట్టు చూశాడు. ఏలీయా తుపాకి ఈ భుజంనుంచి ఆ భుజానికి మార్చుకున్నాడు.

వల తెచ్చి కాపలా పాకలో దూలానికి తగిలించారు. దాన్నుంచి చాలాసేపు నీళ్ళు కారాయి.

"తూటాలెన్నున్నాయిరా?" అని అడిగారు రావుగారు, చేతులు కడుక్కుంటూ.

"అయిపోయాయండి."

* * *

ఏలూరులో తుపాకుల షాపు గడప ఎత్తుగా ఉంటుంది. ఏలీయా గడప బయట మెట్టుమీద, ఖాళీ గొట్టాల సంచి కాళ్ళమధ్య పెట్టుకుని నిలబడ్డాడు. లోపల టీవీ నడుస్తోంది. ఇసుక, పొగ, ఇసుకలో పరిగెత్తే సిపాయిలు. ఇరాక్ యుద్ధం మొదలై మూడో నాలుగో వారం.

షాపు నరసింహమూర్తి కళ్ళజోడు తుడుచుకుంటూ, "తూటాలు లేవండి రావుగారూ" అన్నాడు.

"లేవంటే?"

"లేవంటే లేవండి. ఫ్యాక్టరీనుంచి రావట్లేదు. అక్కడ చూస్తున్నారుగా."

"ఇరాక్‌లో యుద్ధమైతే మా నీటికాకులకేంటండీ సంబంధం? అవేమన్నా సద్దాం పక్షమా?"

నరసింహమూర్తి నవ్వాడు. ఆ నవ్వు అంతకుముందు వచ్చినవాళ్ళకోసం కూడా నవ్విందేనని బయటనున్న ఏలీయాకి అనిపించింది. "సీసం రేటు చూడండి, రాగి రేటు చూడండి. ఓడ సరుకు ఓడల్లోనే ఉందంట. మనవాళ్ళు ముందు మిలిటరీకి చేసుకుంటారు, తరవాత పోలీసులకి. ఏదన్నా మిగిలితే మనకి. మొన్న ఒక పెట్టె ఉందండి నా దగ్గర. తాడేపల్లిగూడెం రైసుమిల్లాయన నేనడిగిన రేటుకి మారుమాట్లాడకుండా పట్టుకుపోయాడు."

"ఎంతకిచ్చావేంటి?"

నరసింహమూర్తి కాలిక్యులేటరు నొక్కి ఇటు తిప్పి చూపించాడు. రావుగారి చెవులు ఎర్రబడ్డాయి.

"ఇదేంటయ్యా. ఉగాదికి ముందు దీంట్లో సగం లేదు."

"వాళ్ళక్కడ కాలుస్తున్నారు, మనమిక్కడ కడుతున్నామండి. పెట్రోలు పెరిగితే బంకువాణ్ణి అడుగుతామా?"

ఏలీయా టీవీ చూస్తున్నాడు. ఒక సిపాయి గోడచాటునుంచి కాలుస్తున్నాడు. తుపాకి పక్కనుంచి ఖాళీ గొట్టాలు వడ్లు తూర్పారబట్టినట్టు ఎగిరి పడుతున్నాయి. ఒక్కడూ వంగి ఏరుకోవట్లేదు. వాళ్ళెవరో, ఎవర్ని కాలుస్తున్నారో ఏలీయాకి పట్టలేదు. అన్ని గొట్టాలు అలా వదిలేసి ముందుకి వెళ్ళిపోగలగడమే అతనికి గొప్ప కలిమిలా అనిపించింది. కాళ్ళమధ్యనున్న సంచి ఎవరికీ కనపడకుండా మెట్టు మూలకి జరిపాడు.

లోపల గొంతులు తగ్గాయి. నరసింహమూర్తి బల్లకిందనుంచి చిన్న డబ్బా తీసి కాగితంలో చుడుతున్నాడు. "తూటా అడుగున పేలే క్యాపులిస్తాను. నేనిచ్చానని అనకండి. మందు గూడెంలో బాణసంచా వాళ్ళ దగ్గర దొరుకుతుంది. గొట్టాలు మీ దగ్గరున్నాయి. సీసం మీరు చూసుకోండి. సన్న రవ్వే పొయ్యండండోయ్. లావుది పోస్తే దాని దూరం వేరు, దాని లెక్క వేరు."

ఆ మాట ఏలీయాకి వినపడింది. గడప ఇవతల నిలబడ్డవాడు వినే మాటలన్నీ అంతే. చెవిలో పడతాయి గాని తనకి చెప్పినట్టుండవు.

తిరిగొచ్చేటప్పుడు జీపులో వెనక డబ్బాల మధ్య కూర్చున్నాడు. రావుగారు ముందుకే చూస్తూ అన్నారు. "ఒరేయ్ ఏలీయా. పిట్ట ఆగకపోతే ఈ తుపాకి ఇంట్లో పెట్టేస్తానురా. టపాకాయలు పేల్చేవాళ్ళని పెట్టుకుంటే సగం కూలితో పోతుంది. నువ్వు మేతబస్తాలు మొయ్యి."

"చిత్తమండి" అన్నాడు ఏలీయా. బస్తా పడే చోటూ తుపాకి పడే చోటూ ఒకటే భుజం. దాన్ని అరచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, జీపు కుదుపులకి అది ఎక్కడన్నా జారిపోతుందేమోనన్నట్టు.

* * *

సీసం ఎక్కడా దొరకలేదు. పాత బ్యాటరీల షాపువాడు కూడా యుద్ధం పేరే చెప్పాడు. మర్నాడు మధ్యాహ్నం రావుగారు పాకలో మంచంమీద పడుకుని దూలానికున్న వలకేసి చూసి, "దీనికుందిగా" అన్నారు.

ఏలీయా వల దించాడు. అంచు పొడుగునా వేలి కణుపులో సగం ఉంటుందేమో ఒక్కొక్క గుండు, ఈత గింజలు గుచ్చినట్టు వరసగా ఉన్నాయి. చాకుతో దారం కోసి ఒక్కోదాన్నీ ఊడబెరికాడు. కొన్ని రేకు మడిచి తాడుచుట్టూ బిగించినవి. వాటిమీద గాట్లున్నాయి. మొదట ఏమిటో తెలియలేదు. తరవాత తెలిసింది. సీసం మెత్తన. సుత్తితో కొడితే తాడు తెగుతుందని వలవాళ్ళు పళ్ళతో కొరికి బిగిస్తారు. ప్రతి గుండుమీదా రెండు పళ్ళ గాట్లు, పక్కపక్కన. వాటిమధ్య సన్నటి గీత, చిట్టిబాబు ముందుపళ్ళ మధ్య సందు. నవ్వినప్పుడల్లా అందులోంచి గాలి ఊదినట్టుండేది.

ఒకటి తీసి ఏలీయా తన పళ్ళమధ్య పెట్టుకుని చూశాడు. సరిపోలేదు. ఉప్పగా, చల్లగా, ఏదో ఎంగిలి తిన్నట్టనిపించి ఉమ్మేశాడు.

ఏలీయా భార్య వరమ్మ అన్నం క్యారేజీ తెచ్చి గుమ్మంలో నిలబడింది. "ఎవరిదది?"

"చిట్టిబాబుది."

"మళ్ళీ ఇచ్చేస్తారా?"

"ఏమో."

"గుళ్ళు తీసేస్తే ఇచ్చీ ఏంటి, ఇవ్వకా ఏంటి" అంది. మంచంమీద కళ్ళు మూసుకున్న రావుగారిని చూసి గొంతు తగ్గించింది. "వాళ్ళమ్మ అచ్చమ్మ బజార్లో కనపడింది. పిల్లాడి వేళ్ళు వాచిపోయి కంచం పట్టుకోలేకపోతున్నాడంట. నిన్నేమీ అనలేదు. మీ ఆయన అడ్డుపడుంటాడులే అంది."

ఏలీయా తలెత్తలేదు. రాతిమీద గుండు పెట్టి సుత్తితో నాలుగు ముక్కలు చెయ్యడం మొదలుపెట్టాడు. సన్న రవ్వ చెయ్యాలంటే ఆ ముక్కని మళ్ళీ ముక్కలు చెయ్యాలి. సీసం తెగదు, సాగుతుంది. ఎండ పాక రేకుమీద పేలుతోంది. అరచెయ్యి నల్లబడింది. కొన్నయ్యేసరికి ఓపిక పోయింది. మిగిలినవి అలాగే, కొట్టకుండానే, గొట్టాల్లోకి జారవిడిచాడు. పైన అట్టబిళ్ళ అదిమి, అంచు మడిచి, కొవ్వొత్తి మైనం పోశాడు. చేతిలో బరువు వేరుగా ఉంది. చెయ్యి ఆ సంగతి చెప్పింది కూడా. ఏలీయా విననట్టే సంచిలో పెట్టుకున్నాడు.

మర్నాడు మట్టల ఆదివారం. పొద్దున్నే వరమ్మ తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళింది. లంకమీదనుంచి పాట గాలితోపాటు వచ్చి పోతోంది. రావుగారు పాకముందు కుర్చీలో కాఫీ తాగుతున్నారు. కొత్త తూటాలు ఎలా ఉంటాయో చూద్దామని పొద్దున్నే వచ్చారు. నీటికాకులు ఇంకా దిగలేదు.

చిట్టిబాబు వచ్చాడు. వల లేదు, చేతికి గుడ్డ చుట్టుకుని ఉన్నాడు. డ్రెయిను అంచున, ఎప్పుడూ వల విసిరే చోటే నిలబడి, "రావుగారండీ, తప్పయిపోయిందండి. వలిచ్చెయ్యండి. ఇంకిటు రానండి" అని కేకేశాడు.

రావుగారు కాఫీ ఒక గుక్క తాగారు. "వెయ్యరా ఒకటి" అన్నారు. "ఉప్పు సరిపోయిందో లేదో చెప్తాడు."

ఏలీయా లేచి నిలబడ్డాడు. చిట్టిబాబు చూశాడు. ఈసారి వీపు తిప్పలేదు. వల అడగడానికి వచ్చినవాడు మొహం చూపించాలనుకున్నాడో ఏమో, అలాగే నిలబడి, పగిలిన పెదవితో నవ్వుతున్నట్టు ఏదో అన్నాడు. బాబాయ్ అన్నంతవరకు వినపడింది.

తరవాత ఏలీయా ఆ క్షణాన్ని ఎన్నోసార్లు లోపల తిప్పి చూసుకున్నాడు. తుపాకి ఎత్తినప్పుడు ముందువైపు ఎప్పటికంటే బరువుగా ఉందని తెలుసు. షాపతను అన్నమాట తెలుసు. అవి తెలిసినవాడు ఒకడు లోపల ఎక్కడో గడప అవతలే నిలబడిపోయాడు. వేలు మాత్రం ఏళ్ళ అలవాటుతో తన పని తాను చేసుకుపోయింది. కానీ గొట్టం కొన గాలిలోకి ఎత్తచ్చు. ఎత్తలేదు. ఇవాళన్నా వీడు నన్ను చూసి జంకాలన్న ఆశ ఎంతో కొంత ఆ వేలులో ఉంది. ఎంతో తూచి చెప్పగలిగేవాడు ఎవడూ లేడు.

తుపాకి గుర్రంలా తన్నింది. వెనక్కి రెండడుగులు పడ్డాడు. భుజంలో ఏదో చిరిగినట్టయింది.

లోకం ఊపిరి బిగబట్టింది. చర్చి పాట ఆగిపోయింది.

రవ్వ రాలినట్టు చప్పుడు కాలేదు. అవతల కిక్కిసలో ఏదో తెగి పడ్డట్టు వరసగా టపటపమంది. చిట్టిబాబు రెండు చేతులూ మొహానికి తెచ్చుకుని, వెతుక్కుంటున్నట్టు మోకాళ్ళమీదికి దిగి, అలాగే ముందుకి నీళ్ళలోకి ఒరిగాడు.

అరవలేదు.

ఏలీయా చెరువుకి అడ్డంపడి ఈదాడు. బయటికి లాగేసరికి చిట్టిబాబు ఎడమకంటి చోట కన్ను లేదు. అక్కడ నెత్తురు నీళ్ళతో కలిసి బుడగలుగా వస్తోంది. చెంప చీలి లోపల చిగుళ్ళు కనపడుతున్నాయి. మెడపక్కన ఇంకొక చిల్లి. అక్కడ ఏలీయా బొటనవేలు అదిమాడు. అదే వేలు. మెడ కింద నరం కొట్టుకోవడం, మెలిపెట్టడానికి ముందు పక్షి మెడ కొట్టుకున్నట్టే, వేలికి తెలిసింది. జీపు వచ్చేదాకా ఆ వేలు తియ్యలేదు.

* * *

రావుగారు ఒక్కరోజులో అంతా సర్దారు. తుపాకి తుడిపించి, నూనె రాయించి, ఇంట్లో బీరువాలో పెట్టించారు. ఎస్సైగారు వస్తే కుర్చీ వేయించి, "తూటాలెక్కడున్నాయండీ, ఇరాక్ గొడవతో ఏలూరులోనే లేవు, షాపాయన్నే అడగండి. మావాడు ఉత్త మందు పేల్చి పిట్టల్ని తోలుతున్నాడు" అన్నారు. షాపాయన కూడా అమ్మలేదనే చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. ఎక్కడో జరిగే యుద్ధం వచ్చి ఏలీయా పక్కన సాక్షిగా నిలబడింది.

"ఆ వల తగలెట్టెయ్" అని మాత్రం ఏలీయాకి విడిగా చెప్పారు.

బుధవారం మళ్ళీ చెరువుమీదికొచ్చి, ఏలీయా భుజం తట్టారు. ఏలీయాకి నొప్పితో కళ్ళు తిరిగాయి. ఆయన చూడలేదు.

"నిన్నింక ఎవడూ ఏమీ అనడురా. వాడే చెప్పాడు పోలీసులకి. బాబాయ్ నన్ను కొట్టడండి, ఏళ్ళబట్టి అక్కణ్ణుంచే పేలుస్తాడు, ఒక్కటీ తగల్లేదు, రెల్లులో నాటు తుపాకితో పిట్టలు కొట్టేవాళ్ళెవరో ఉన్నారు, వాళ్ళ పని అయ్యుంటుంది అన్నాడంట. రాసుకున్నారు." రావుగారు కొంచెం ఆశ్చర్యంగా నవ్వారు. "పిచ్చి సన్నాసి."

ఆ సాయంత్రం ఇంటి దగ్గర వరమ్మ ఉప్పు మూట వేడిచేసి భుజానికి కాపడం పెట్టబోయి ఆగింది. మెడ కిందనుంచి చంక దాకా నేరేడుపండు రంగులో కమిలి, తుపాకి మడమ అచ్చు ముద్రలా పడి ఉంది.

"ఏళ్ళబట్టి కాలుస్తున్నావు. ఎప్పుడన్నా ఇలా ఉందా?"

ఏలీయా చొక్కా భుజం మీదికి లాక్కున్నాడు.

"వాడు పోలీసులకి చెప్పింది లంకంతా తెలిసింది" అంది వరమ్మ. మూట చల్లారిపోయేదాకా చేతిలోనే పట్టుకుంది. "వాడలా అనకపోయినా బాగుండును."

* * *

మర్నాడు పొద్దున ఏలీయా వలని సంచిలో కుక్కుకుని ఏలూరు బస్సెక్కాడు. తగలెట్టలేదెందుకో అతనికే తెలియదు. అగ్గిపుల్ల గీశాడు. బోదె పక్కన పడేసిన వల తడిసి ఉంది, అంటుకోలేదు. రెండో పుల్ల గియ్యలేదు. అంతే.

ఆసుపత్రి వార్డులో చిట్టిబాబు కిటికీ పక్క మంచంమీద ఉన్నాడు. రెండు కళ్ళమీదా కట్టు ఉంది. కుడికన్ను ఉంటుందో లేదో ఇంకా చెప్పలేదు. చెంప కుట్లు వేసి ఉబ్బిపోయి, మొహం ఎవరిదో అన్నట్టుంది. నేలమీద కూర్చున్న అచ్చమ్మ ఏలీయాని చూసి లేచింది.

"ఏలీయా వచ్చాడ్రా."

"బాబాయా?" చిట్టిబాబు ఉన్నచోటే కదిలాడు. మాట ఒక పక్కనుంచే వస్తోంది. "నువ్వు ఈదుకుంటూ వచ్చావంటగా. నీకు ఈత వచ్చని నాకు తెలీదు."

"నీకెలా ఉందిరా?"

"ఉప్పు ఎక్కువైంది" అని నవ్వబోయి కుట్లు లాగి మూలిగాడు. "నీది కాదులే. ఆ దొంగముండాకొడుకులది. గడ్డిలో ఉన్నవాళ్ళు నీకన్నా కనపడ్డారా?"

అచ్చమ్మ కూడా ఏలీయాకేసి చూసింది. ఏలీయా సంచి విప్పి వల తీసి మంచంమీద పెట్టాడు. మాట కంటే అదే దగ్గరగా ఉంది.

వాసన తగిలి చిట్టిబాబు చెయ్యి చాచాడు. "నా వలా? ఇచ్చేశారా?" వాచిన వేళ్ళతో దగ్గరికి లాక్కున్నాడు. తాడు తడిమాడు. చేతులు వాటంతట అవే వల మడత విప్పి అంచుకోసం వెతికాయి. అంచు దొరికింది. వేళ్ళు దానివెంట జరిగాయి. ఆగాయి. మళ్ళీ జరిగాయి. తెగిన దారపు కొసలు ఒక్కొక్కటే వేలికి తగులుతున్నాయి.

"గుళ్ళేవి బాబాయ్?"

ఏలీయా ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకున్నాడు.

వార్డులో ఎవరో దగ్గుతున్నారు. చిట్టిబాబు చాలాసేపు అంచుమీద చెయ్యి అలాగే ఉంచాడు. తరవాత, "అమ్మా, అదియ్యి" అన్నాడు.

అచ్చమ్మ పైటకొంగు ముడి విప్పింది. "చొక్కా మార్చేటప్పుడు మడతలోంచి పడింది బాబూ. పోలీసులు అడగలేదు. ఇదేం గుండో, గుండ్రంగా కూడా లేదు" అంటూ కొడుకు అరచేతిలో పెట్టింది. నల్లగా, ఒక పక్క నలిగిపోయి, ఒక పక్క అలాగే ఉన్న సీసపు ముక్క.

చిట్టిబాబు దాన్ని బొటనవేలితో తిప్పాడు. వేళ్ళు వాచి ఉన్నాయి, వాటికి నమ్మకంగా తెలియలేదు. అప్పుడతను దాన్ని నోట్లో పెట్టుకున్నాడు. ఏలీయా ఒకడుగు ముందుకి వేశాడు, ఆపడానికో దేనికో. చిట్టిబాబు నాలుకతో దాన్ని ముందుకి తెచ్చి, కుట్లు లాగుతుంటే నొసలు ముడిచి, నెమ్మదిగా కొరికాడు. ఒకపన్ను విరిగిపోయి ఉంది. రెండోది మిగిలింది. దవడ అటూ ఇటూ జరిగింది. ఒకచోట ఆగింది. తాళంచెవి పడ్డచోట ఆగినట్టు ఆగిపోయింది.

చెంప కుట్ల పక్కనుంచి నెత్తురు సన్నగా దిగింది. అతను తుడుచుకోలేదు. ముక్కని అరచేతిలోకి ఉమ్మి, పిడికిలి మూశాడు. పిడికిలి వలమీద పెట్టాడు.

ఏలీయా ఎదురుచూశాడు. తిడతాడని, మంచందిగి మీదపడతాడని, ఏడుస్తాడని చూశాడు. వాటన్నిటికీ సిద్ధంగా ఉన్నాడు.

చిట్టిబాబు కట్టుకట్టిన మొహం ఇటు తిప్పాడు. ఇన్నేళ్ళలో ఎన్నడూ లేని మర్యాదగా, నెమ్మదిగా అన్నాడు.

"కూర్చోండి, ఏలీయాగారూ. ఎంతసేపని నిలబడతారు?"

అచ్చమ్మ ఏమీ తెలియక స్టూలు జరిపింది.

ఏలీయా కూర్చోలేదు. వార్డు దాటి, వరండా దాటి, మెట్లకింద పోలీసు అవుట్‌పోస్టు ముందు ఆగాడు. గడపకి ఇవతల ఒక్క క్షణం నిలబడి, లోపలికి అడుగుపెట్టాడు. కానిస్టేబులు పేపరు చదువుతున్నాడు. మొదటి పేజీలో పొగ, కూలిన గోడ ఉన్నాయి.

"ఏంటి నీది?" అన్నాడు తలెత్తకుండా.

ఏలీయా బల్ల దగ్గరికి జరిగాడు. ఎడమచేత్తో చొక్కా బొత్తాలు విప్పి, కుడిభుజం మీద గుడ్డ తొలగించి, కమిలిన తుపాకి మడమ అచ్చు కనపడేలా, కానిస్టేబులు తలెత్తేదాకా అలాగే నిలబడ్డాడు.